వరంగల్‌లో ఆర్కిడ్‌కి ఏం వేయాలి? లైవ్ స్ఫాగ్నమ్, ఎండు మాస్, కొబ్బరి పీచు, బొగ్గు: ఏది ఎవరికి

ఆర్కిడ్లు మొదలుపెట్టిన కొత్తలో అందరి కన్నూ లైవ్ స్ఫాగ్నమ్ మాస్ మీదే పడుతుంది. చల్లటి తడి చోట్ల పెరిగే నాచులాంటి మొక్క ఇది, లైవ్ అంటే ఎండబెట్టకుండా బతికున్నది. కుండీ నిండా పచ్చటి మెత్తటి మాస్, అందులోంచి బయటికొస్తున్న లావుపాటి వేర్లు. ఫొటో చూస్తే ఎవరికైనా కావాలనిపిస్తుంది. ఆ ఫొటోల్లో చాలావరకు చల్లటి దేశాలవి, కాదంటే సిక్కిం, కాలింపాంగ్, ఊటీ లాంటి కొండ ఊళ్లవి. మనవేమో రోహిణి కార్తెలో 43, 44 డిగ్రీలు చూసే ఊళ్లు. రామగుండం వైపు వాళ్లకి ఎండ గురించి ఒకరు చెప్పాల్సిన పనే లేదు.

ఏది కొనాలో తేల్చుకునే ముందు మీ ఇంటి నీళ్లు, మీ ఇంటి ఎండ, మీరు పెంచే ఆర్కిడ్ రకం, మీ చేతి అలవాటు చూసుకోవాలి. నా మాట ముందే చెప్పేస్తాను: వరంగల్‌లో లైవ్ మాస్‌ని ఆర్కిడ్‌కి వేసే సరుకుగా చూడొద్దు. అది ఆర్కిడ్ పక్కన పెంచాల్సిన ఇంకో మొక్క. దాని కోసం కూడా నీళ్లు, నీడ, చల్లదనం అమర్చగలిగితేనే తెప్పించుకోండి. మిగతావాళ్లకి ఇంతకంటే చవకైన, నిక్కచ్చిగా పనిచేసే దారులున్నాయి.

ముందు నీళ్ల సంగతి

మాస్ విషయంలో సగం తీర్పు నీళ్ల దగ్గరే అయిపోతుంది. స్ఫాగ్నమ్‌కి వేర్లు ఉండవు. ఆకుల నిండా నీళ్లు నింపుకునే ఖాళీ కణాలు ఉంటాయి. అందుకే తన ఎండు బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకోగలదు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లాంటి ఖనిజాలని పట్టేసుకుని, బదులుగా ఆమ్లాన్ని వదులుతుంది. అలా తన చుట్టూ నీళ్లని పుల్లగా ఉంచుకుని బతుకుతుంది. దానికి బోరు నీళ్లు పోస్తూ పోతే ఖనిజాలని పట్టుకునే చోట్లన్నీ నిండిపోతాయి, ఆ పులుపు విరిగిపోతుంది. మాస్ కొసన ఉండే గుబురు తలలు ముందు పసుపుకి తిరుగుతాయి, తర్వాత గోధుమరంగుకి. ఇక అది కోలుకోవడం కష్టం.

తాగడానికి బాగున్న నీళ్లు మాస్‌కి కూడా బాగుంటాయని అనుకోవద్దు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పు, ఖనిజాల లెక్క. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన టీడీఎస్ హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. లైవ్ మాస్‌కి 50 లోపు ఉంటేనే నిశ్చింత. ఎండు మాస్‌కి ప్రాణం లేదు కాబట్టి దానికి బాధ లేదు కానీ, అందులో ఉన్న ఆర్కిడ్ వేరుకి ఉంది. ఉప్పు పేరుకుంటే వేరు కొసలు నల్లబడతాయి. ఎండు మాస్ కుండీలకి నేను 150 దాటనివ్వను.

కాబట్టి మాస్ కంటే ముందు టీడీఎస్ మీటర్ కొనండి. పెన్ను సైజులో ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లో దొరుకుతుంది. ఒకే వీధిలో రెండు బోర్ల మధ్య కూడా తేడా ఉండొచ్చు, పక్కింటివాళ్ల అంకె మీకు పనికిరాదు.

మన దగ్గర దొరికే నీళ్లలో వాన నీళ్లని మించినవి లేవు. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే లెక్క ప్రకారం వెయ్యి లీటర్లు. అందులో సగం పట్టుకున్నా చిన్న కలెక్షన్‌కి చాలా రోజులు వస్తాయి. తొలి వానకి డాబా మీది దుమ్మంతా కొట్టుకొస్తుంది, దాన్ని వదిలేయండి. డ్రమ్ము మీద మూత, మూత కింద గుడ్డ తప్పనిసరి, లేదంటే ఆర్కిడ్లతో పాటు దోమల్ని కూడా పెంచుతారు.

ఎండాకాలానికి ఏసీ పైపు కింద బకెట్ పెట్టుకోవడం మంచి అలవాటు. అవి గాలిలోని ఆవిరి చల్లబడి కారిన నీళ్లు, టీడీఎస్ చాలా తక్కువ. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే చాలు. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు కూడా పనికొస్తాయి కానీ కొన్ని ప్లాంట్లలో రుచి కోసం ఖనిజాలు కలుపుతారు, మీటర్ పెట్టి చూడండి. ఇంటి ఆర్‌ఓలో శుద్ధి అయిన నీళ్లు సరే. పక్క పైపులోంచి వచ్చే వృథా నీళ్లు మాత్రం మాస్‌కి వద్దు, వాటిలో ఉప్పు అసలు నీళ్లకంటే ఎక్కువ. కూలర్ అడుగున మిగిలినవీ అంతే, నీళ్లు ఆవిరైపోయి ఉప్పు అక్కడే ఉండిపోతుంది. అపార్ట్‌మెంట్లలో సాఫ్టనర్ ఉందని ధీమా పడేవాళ్లు ఒకటి గమనించాలి. సాఫ్టనర్ కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది. బట్టలకి మంచిదే, మీటర్‌లో అంకె మాత్రం తగ్గదు.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు నదుల నుంచి, రిజర్వాయర్ల నుంచి వచ్చేవి కాబట్టి మామూలుగా బోరు కంటే నయం. రాత్రి బకెట్లో పట్టి పొద్దున వాడితే క్లోరిన్ వాసన కూడా తగ్గుతుంది. కొబ్బరి పీచు, బొగ్గు కుండీలకి ఇవి చాలు. లైవ్ మాస్‌కి మాత్రం మీటర్ ఏం చెబితే అదే.

ఎండ, గాలిలో తడి

స్ఫాగ్నమ్‌కి హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాకా తట్టుకుంటుంది. రోజుల తరబడి 35 దాటితే పాలిపోతుంది. మన క్యాలెండర్‌లో చూస్తే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దానికి పండగే. ఆదిలాబాద్, నిర్మల్ వైపు చలికాలం ఇంకా బాగుంటుంది, అక్కడ చలికి ఇబ్బంది పడేది ఆర్కిడ్లే. జులై నుంచి అక్టోబర్ పర్వాలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, లైవ్ మాస్ తిప్పలు మొదలయ్యేది కూడా అప్పుడే. మృగశిర వానలు పడేదాకా దాన్ని నిలబెట్టడం ఒక పని.

ఆర్కిడ్ వేరు సంగతి వేరు. వేరు చుట్టూ తెల్లటి స్పాంజిలాంటి పొర ఉంటుంది. తడిస్తే పచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది. దానికి తడి ఎంత కావాలో గాలి అంత కావాలి. ఎండాకాలం వచ్చింది కదా అని మాస్‌ని నీళ్లతో ముద్ద చేస్తే, ఆ వేడికి, గాలి ఆడకపోవడానికి వేరు ఉడికినట్టయి కుళ్లుతుంది. పైన ఎండిపోయి కింద కుళ్లిన మొక్కలు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా కనిపించేది ఇందుకే. ఆకులు వడలితే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు.

ఇంకో చిన్న సంగతి. మే నెలలో మధ్యాహ్నం డాబా ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఏం వేసి పెంచినా సరే, ఆ నీళ్లు నేరుగా పోయకండి. తెల్లవారుజామున పట్టిన బకెట్ నీళ్లే వాడండి.

వానకాలం ముసురు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడు నాలుగు రోజులు తెరిపి లేకుండా పడితే బాల్కనీలో మాస్ కుండీ ఆరనే ఆరదు. పైన కప్పు లేని చోట మాస్ వద్దే వద్దు.

ఏ ఆర్కిడ్, ఎలాంటి చెయ్యి

మన నర్సరీల్లో, కడియం నుంచి వచ్చే లోడుల్లో ఎక్కువగా కనిపించేవి డెండ్రోబియం, ఫెలనాప్సిస్, వాండా, అప్పుడప్పుడు ఆన్సీడియం, కాట్లియా. డెండ్రోబియంకి వెలుతురు, వేడి, త్వరగా ఆరే కుండీ ఇష్టం. ఫెలనాప్సిస్‌కి నీడ, నిలకడైన తడి. వాండా వేర్లు గాలిలో వేలాడాల్సిందే. కాట్లియా ఒకసారి పూర్తిగా ఆరాకే మళ్లీ నీళ్లు అడుగుతుంది. ఆన్సీడియం వేర్లు సన్నవి, మరీ ఎండనివ్వొద్దు. మాస్ నిజంగా అక్కరకొచ్చేది ఫెలనాప్సిస్‌కి, సన్న వేర్ల పిల్ల మొక్కలకి.

ఇక చేతి అలవాటు. కొందరికి పొద్దున్నే మగ్గు పట్టుకోకపోతే తోచదు, కొందరికి వారం దాకా మొక్క గుర్తే రాదు. మొదటివాళ్లకి మాస్ ప్రమాదం, రెండోవాళ్లకి బొగ్గు, పెంకులు ప్రమాదం. మీరెవరో మీకు తెలుసు, ఇంట్లోవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

ఒక్కచూపులో

| వేసేది | నీళ్లు పట్టుకోవడం | బోరు నీళ్లు తట్టుకోవడం | ఎన్నాళ్లు | ఎక్కడ దొరుకుతుంది | ఎవరికి |
|---|---|---|---|---|---|
| లైవ్ స్ఫాగ్నమ్ | చాలా ఎక్కువ | అస్సలు తట్టుకోదు | బతికినన్నాళ్లు | కొండ ప్రాంతాల నర్సరీలు, పెంచేవాళ్ల దగ్గర | మాస్ మీదే మోజున్నవాళ్లకి |
| ఎండు స్ఫాగ్నమ్ | చాలా ఎక్కువ | తక్కువ | ఏడాది, ఏడాదిన్నర | ఆన్‌లైన్, పెద్ద నర్సరీలు | ఫెలనాప్సిస్, పిల్ల మొక్కలు, జబ్బు మొక్కలు |
| కొబ్బరి పీచు ముక్కలు | మధ్యస్థం | ఫర్వాలేదు | రెండేళ్ల దాకా | ఊళ్లోనే | డెండ్రోబియం, ఆన్సీడియం |
| కట్టె బొగ్గు, పెంకులు | తక్కువ | ఫర్వాలేదు, కడుగుతూ ఉండాలి | చాలా ఏళ్లు | ఊళ్లోనే | కాట్లియా, డెండ్రోబియం, రోజూ నీళ్లు పోసేవాళ్లు |
| పైన్ బార్క్ | తక్కువ, మధ్యస్థం | ఫర్వాలేదు | రెండేళ్లు | ఆన్‌లైన్ | ఏసీ, కూలర్ ఉన్న ఇళ్లు |
| ఏమీ వేయకుండా | లేదు | ఆకుల మీద తెల్ల మరకలు | – | – | వాండా |

ఎండు స్ఫాగ్నమ్: చాలామందికి ఇదే సరిపోతుంది

మనకి మార్కెట్లో దొరికే మంచి ఎండు మాస్ ఎక్కువగా న్యూజిలాండ్, చిలీ దేశాలది. చైనా సరుకు కూడా వస్తుంది. న్యూజిలాండ్ మాస్ పోగులు పొడుగ్గా, శుభ్రంగా ఉంటాయి, ధరా ఎక్కువే. చవక సరుకులో పుల్లలు, నలిగిన ముక్కలు, పొడి ఎక్కువ. ఆ పొడి కుండీ అడుక్కి చేరి గాలి ఆడనివ్వదు. ఒకటి రెండు ఫెలనాప్సిస్‌లే ఉంటే చిన్న న్యూజిలాండ్ ప్యాకెట్ తీసుకోవడమే లాభం. నొక్కి కట్టిన మాస్ నీళ్లు పోస్తే ఎంత పొంగుతుందో చూస్తే ధర మరీ అన్యాయం అనిపించదు.

పూలబొకేల అలంకరణకి వాడే పచ్చ మాస్‌ని కూడా స్ఫాగ్నమ్ అని అమ్మేవాళ్లున్నారు. తేడా పట్టడం తేలికే. అలంకరణ మాస్ చాపలా ఒకదానికొకటి అల్లుకుని, కింద మట్టి అంటుకుని ఉంటుంది. స్ఫాగ్నమ్ విడివిడి పోగులుగా వస్తుంది. ఒక పోగుని నీళ్లలో వేసి పది నిమిషాలాగి చూడండి. లేత రంగులో ఉబ్బి, కొసన నక్షత్రం ఆకారంలో గుబురు తల విచ్చుకుంటుంది. గుప్పెడు తీసి పిండితే దోసిట్లో ధారగా నీళ్లు కారతాయి. అలంకరణ మాస్ పిండితే కాసిని మురికి చుక్కలు, అంతే.

వాడే పద్ధతి ఇది. తక్కువ టీడీఎస్ నీళ్లలో అరగంట నుంచి గంట నానబెట్టండి. తర్వాత గుప్పెడు గుప్పెడు తీసి, ఇంకొక్క చుక్క రాదన్నదాకా పిండండి. వేళ్లతో విడదీస్తే ఉతికి పిండిన గుడ్డలా తడి తగలాలి, నీళ్లు తగలకూడదు. వేర్ల మధ్య వదులుగా సర్దండి. చల్లటి దేశాలవాళ్లు గట్టిగా కూరతారు, వాళ్లకది నడుస్తుంది. మన వేడికి వదులే మంచిది. కుండీ మధ్యలో నాలుగు థర్మాకోల్ ముక్కలు వేస్తే నడిమి భాగం త్వరగా ఆరుతుంది. పక్కల కంతలున్న పారదర్శకమైన కప్పు వాడితే వేరు రంగు బయటికే కనిపిస్తుంది. పచ్చగా ఉంటే ఆగండి, వెండిరంగుకి వచ్చాక పోయండి.

ఎన్ని రోజులకోసారి అని అందరూ అడుగుతారు. సుమారుగా చెప్పాలంటే నాలుగంగుళాల కప్పుకి చలికాలంలో వారం పది రోజులకోసారి, ముసురు రోజుల్లో ఇంకా ఆలస్యంగా, ఎండాకాలంలో కూలర్ గదిలో మూడు నాలుగు రోజులకోసారి. రోజులు లెక్కపెట్టడం కంటే కప్పు చేతిలోకి తీసుకుని బరువు చూడటం నేర్చుకుంటే మంచిది. పూర్తిగా ఎండిపోయి గరగరలాడే మాస్ మాత్రం పైనుంచి పోసిన నీళ్లని తీసుకోదు, పక్కలనుంచి జారవిడుస్తుంది. అప్పుడు కప్పు మొత్తాన్ని నీళ్లలో ముంచి పదిహేను నిమిషాలుంచాలి.

ఎరువు ప్యాకెట్ మీద రాసినదాంట్లో నాలుగో వంతు చాలు. నెలకోసారి ఎరువు లేని శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడగండి. మాస్ నల్లబడినా, జిగురుగా మారినా, పుల్లటి వాసన వచ్చినా గడువు చూడకుండా మార్చేయండి.

మాస్‌తో పనిచేసేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి. స్ఫాగ్నమ్‌లో స్పోరోథ్రిక్స్ అనే ఫంగస్ ఉండొచ్చు, చర్మం మీది గీతల్లోంచి లోపలికి పోతే తగ్గని పుండ్లు వస్తాయి. 1988లో అమెరికాలో మాస్‌లో చుట్టిన చెట్ల నారు పట్టుకున్నవాళ్లలో చాలా రాష్ట్రాల్లో ఈ జబ్బు బయటపడింది. భయపడేంత తరచుగా వచ్చేది కాదు కానీ, గులాబీ ముల్లు గీరుకున్న చేత్తో మాస్ పిండొద్దు. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

పూల షాపులో కొన్న ఫెలనాప్సిస్ గురించి ఒక మాట. గ్రీన్‌హౌస్‌లో పెరిగిన ఆ మొక్కకి మాస్ గట్టిగా కూరి ఉంటుంది. నడుమన చిన్నప్పటి మాస్ ముద్ద అలాగే మిగిలిపోయి ఉంటుంది. పైన ఆరినా ఆ ముద్ద తడిగానే ఉండి మొక్క మొదలు కుళ్లుతుంది. పూలు రాలిపోయాక విప్పి, ఆ ముద్దని తీసేసి, కొత్త మాస్ వదులుగా వేసుకోండి. పూలు ఉండగా కదిలించకండి.

కొబ్బరి పీచు ముక్కలు

డబ్బు పెట్టకుండా అయ్యే పని ఇది. ఎండు కొబ్బరికాయ పీచు తొక్కని అంగుళం ముక్కలుగా కోసుకోవాలి. ఎండాకాలంలో బోండాల బండి దగ్గర కుప్పలు కనిపిస్తాయి కానీ పచ్చి బోండం తొక్క త్వరగా కుళ్లుతుంది, దాన్ని ఎండబెట్టకుండా వాడొద్దు. కోసిన ముక్కల్ని నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ, రంగు దిగడం తగ్గేదాకా కడగండి. పీచులో ఉప్పు ఉంటుంది, ఆ కడగడం మానేస్తే వేరు కొసలు మాడతాయి. నర్సరీల్లో అమ్మే కోకోపీట్ పొడి ఇది కాదు. ఆ పొడిలో ఆర్కిడ్ పెట్టకండి.

డాబా మీద షేడ్‌నెట్ కింద డెండ్రోబియంలు పెంచేవాళ్లకి నా ఓటు దీనికే. ఎండాకాలంలో రోజూ పొద్దున్నే నీళ్లు, వానకాలంలో అవసరాన్ని బట్టి. రెండేళ్లకి మెత్తబడి కుదించుకుపోతుంది, అప్పుడు మార్చుకోవాలి.

బొగ్గు, గూన పెంకులు

కూల్చిన పాత ఇంటి గూన పెంకులు పగలగొట్టి, కట్టె బొగ్గుతో సగం సగం కలిపితే ఏళ్ల తరబడి కుళ్లని మిశ్రమం. ముసురుకి దీన్ని మించింది లేదు. ఎండాకాలంలో మాత్రం రోజుకి రెండుసార్లు నీళ్లు అడుగుతుంది, ఉద్యోగాలకి పోయేవాళ్లకి కుదరదు. బోరు నీళ్లు వాడితే బొగ్గు మీద తెల్ల పొర కడుతుంది. వానకాలం మొదట్లో రెండు మూడు గట్టి వానల్లో కుండీల్ని బయట పెడితే చాలావరకు కొట్టుకుపోతుంది.

భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు పాఠకులకి ప్రత్యేకంగా చెబుతున్నా: బొగ్గు అంటే కట్టె బొగ్గే. సింగరేణి రాక్షసి బొగ్గు కుండీల్లో వేయకండి. బార్బెక్యూ కోసం అచ్చుపోసి అమ్మే దిమ్మెలు కూడా వద్దు, వాటిలో వేరే పదార్థాలు కలుపుతారు.

పైన్ బార్క్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మంచిదే, హిమాలయాల వైపు నుంచి రావాలి కాబట్టి ఖరీదు. రాత్రంతా నానబెట్టి వాడాలి. మన ఎండకి ఒంటరిగా వేస్తే త్వరగా ఆరిపోతుంది, గుప్పెడు ఎండు మాస్ కలిపితే ఫెలనాప్సిస్‌కి బాగా కుదురుతుంది.

వాండాకి ఏమీ వద్దు. చెక్క బుట్టలో వేలాడదీసి రోజూ తడపండి. వాండా టెస్సెలాటా అనే రకం మన అడవుల్లో చెట్ల మీద సహజంగానే పెరుగుతుంది, దానికి ఎవరూ మాస్ చుట్టలేదు. చూసి ఆనందించండి, ములుగు, ఏటూరునాగారం అడవుల నుంచి పీక్కొచ్చుకోవద్దు. అది నేరం, పైగా పీకిన మొక్క ఇంట్లో బతకడమూ తక్కువే.

మరి లైవ్ మాస్ ఎవరికి?

దాని గొప్పలు దానికున్నాయి. బతికున్న మాస్ ఎండు మాస్‌లా కుళ్లి ముద్దవదు. ల్యాబ్‌లో సీసాలో పెంచి బయటికి తీసిన లేత ఆర్కిడ్ పిల్లలకి, వేర్లు పోయిన మొక్కలకి దానిమీద మంచి ఫలితాలొస్తాయి. నీళ్లు చెడితే ఆర్కిడ్ కంటే ముందు మాసే రంగు మారి చెప్పేస్తుంది. ఇవన్నీ నిజమే.

ఇబ్బందులు కూడా చూడండి. ఆర్కిడ్‌కి వేసే ఎరువు దానికి పడదు. ఎరువు తగిలితే పైన పాచి పట్టి మాస్ చచ్చిపోతుంది. బాగా పెరిగితే చిన్న ఆర్కిడ్‌ని కప్పేస్తుంది. అది ఎప్పుడూ తడిగా ఉండాలి, మన ఆర్కిడ్లలో ఎక్కువ వాటికి మధ్యమధ్య ఆరాలి. ఈ రెండింటికీ ఒకే కుండీలో పొత్తు కుదరదు. డెండ్రోబియం, కాట్లియా, వాండా ఉన్నవాళ్లు లైవ్ మాస్ ఆలోచన ఇక్కడే మానేయొచ్చు.

హన్మకొండలో అపార్ట్‌మెంట్, ఒక్క ఫెలనాప్సిస్, ఇంట్లో ఆర్‌ఓ ఉందనుకోండి. ఎండు మాస్ తీసుకుని హాయిగా ఉండండి. శనివారం ఊరికి పోయి సోమవారం వచ్చేవాళ్లకీ అదే. డాబా, షేడ్‌నెట్, బోరు నీళ్లు మాత్రమే ఉన్నవాళ్లు కొబ్బరి పీచు దాటి పోవద్దు. రోజూ నీళ్లు పోయకుండా ఉండలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే బొగ్గు, పెంకులు వేయండి. మొక్కా బతుకుతుంది, వాళ్లకీ కాలక్షేపం.

వేర్లన్నీ పోయి ఆకులు వడలిన ఫెలనాప్సిస్ చేతిలో ఉంటే లైవ్ మాస్ కోసం ఆగకండి. కుళ్లిన వేర్లు కోసేసి, ఒకరోజు నీడలో ఆరనిచ్చి, మూత ఉన్న డబ్బాలో పిండిన ఎండు మాస్ పరిచి దాని మీద పెట్టండి. మొక్క మొదలు మాస్‌లో కూరుకుపోకూడదు. నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచి, రెండు మూడు రోజులకోసారి మూత తీసి గాలి ఆడనివ్వండి. కొత్త వేరు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో ఈ ప్రయత్నం చేస్తే కుళ్లుతుంది.

పురుగుల్ని తినే మాంసాహార మొక్కలు కూడా పెంచుదామనుకునేవాళ్లు, సీసా మొక్కలు తెప్పించేవాళ్లు, ఏసీ గదిలో మంచి వెలుతురున్న కిటికీ ఉన్నవాళ్లు, నీళ్ల లెక్క ముందే చూసుకున్నవాళ్లు: లైవ్ మాస్ వీళ్లకి. కుదిరితే ఆర్కిడ్ కుండీలో కాకుండా విడి ట్రేలో పెంచుకుని, కావలసినప్పుడు కోసుకుని వాడుకోవడం మేలు.

తెప్పించుకోవడం, నిలుపుకోవడం

మన చుట్టుపక్కల స్ఫాగ్నమ్ సహజంగా పెరగదు. మన దేశంలో అది తూర్పు హిమాలయాలు, మేఘాలయ, నీలగిరులు, కొడైకెనాల్ లాంటి చల్లటి, తడి చోట్ల ఉంటుంది. కాలింపాంగ్, డార్జిలింగ్ వైపు నర్సరీలు, మాంసాహార మొక్కలు పెంచి అమ్మేవాళ్లు పార్సిల్ పంపుతారు. అడవిలో పీకిందా, పెంచిందా అని అడగండి. పెంచినదైతే ట్రే ఫొటో పంపడానికి ఎవరూ వెనకాడరు. విదేశాల నుంచి పార్సిల్ తెప్పించాలంటే దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి చీడపీడలు లేవని పంపే దేశం ఇచ్చే కాగితం) ఉండాలి. ఇంటికి గుప్పెడు మాస్ కోసం అంత టెన్షన్ అక్కర్లేదు.

ఆర్డర్ పెట్టడానికి మంచి సమయం దసరా దాటాక. సంక్రాంతి లోపు వస్తే అది కుదురుకోవడానికి చల్లటి వారాలు మిగులుతాయి. వారం మొదట్లో పంపమనండి, ఆదివారం గోడౌన్‌లో మగ్గకుండా ఉంటుంది. వచ్చేసరికి కాస్త పాలిపోయి ఉండటం మామూలే. ముందు వాన నీళ్లలో జాడించి నత్తలు, గడ్డి మొలకలు ఏరేసి, రెండు వారాలు ఆర్కిడ్లకి దూరంగా ఉంచండి.

వెడల్పాటి లోతు తక్కువ టబ్బులో మూడు నాలుగు సెంటీమీటర్లు ఎండు మాస్ పరిచి, దాని మీద లైవ్ మాస్ తలల్ని పక్కపక్కన నిలబెట్టండి. కొంచెమే ఉంటే బిర్యానీ పార్సిల్ డబ్బా చాలు. అడుగున నీళ్లు ఉండాలి, తలలు మునగకూడదు. మూత కాస్త తెరిచి ఉంచండి. తూర్పు వెలుతురు తగిలే కిటికీ బాగుంటుంది. మూత వేసిన డబ్బాని నేరుగా ఎండలో పెడితే గంటలో ఉడికిపోతుంది. నాలుగైదు వారాల్లో కొత్త పచ్చ తలలు కనిపిస్తే కుదురుకున్నట్టే.

ఏప్రిల్ వచ్చేసరికి టబ్బుని ఏసీ ఉండే గదిలోకి మార్చండి. కూలర్ గదైతే గాలి నేరుగా కొట్టని మూలన పెట్టండి. అయినా ఎండలు ముదిరితే నమ్మకం లేదు కాబట్టి, రోహిణి కార్తెకి ముందే బాగున్న తలలు గుప్పెడు కోసి, తడి పిండేసి, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో దాచండి. డీప్ ఫ్రీజర్‌లో కాదు. కొన్ని వారాలు అలాగే ఉంటుంది. బయట టబ్బు పోయినా, తొలకరి పడి వాతావరణం చల్లబడ్డాక దాంతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. కవర్ మీద పేరు రాసి, ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. లేదంటే వాడిపోయిన కూర అనుకుని ఎవరో ఒకరు పారేస్తారు.